వెండి ముసుగులో మా మగ్గం చెయ్యి

టీవీలో నటిస్తున్నానని నా మనవడు చెబితే నేను నమ్మలేదు. వేరే గ్రహం మనిషి వేషమట, ముఖం నిండా వెండి ముసుగట.

"ముసుగులో నువ్వేనని ఎట్ల నమ్మేది రా? యాడో ఓటల్లో ప్లేట్లు కడుగుతాండావేమో!" అన్నాను. మా ఎమ్మిగనూరు మగ్గం వదిలి పోయి, నాతోనే అబద్ధమాడుతున్నాడని నా అనుమానం.

ఒక సాయంత్రం ఆ సీరియల్ చూశాను. అంతరిక్ష నౌకలో ఏదో తీగ తెగింది. ముసుగు మనిషి దాన్ని అతకబోతూ, తడి చేసుకోవడానికి వేళ్లు నోటికి తీసుకుపోయాడు. అవి ముసుగుకు తగిలి ఆగిపోయాయి. తెగిన పోగు అతికేముందు మా ఇంట్లో అందరం చేసే పనే అది.

వెంటనే ఫోన్ చేశాను.

"నువ్వేలే, నమ్మినాను. అది సరే గానీ, ఆ ముసుగేసుకుని అన్నం ఎట్ల తింటాండావు? నిజం సెప్పు."