మా బాబాయి ఒంటిమాట వేషం

మా బాబాయి దర్జీ. గొంతు మాత్రం ఖాళీ గోడౌనులో డ్రమ్ము దొర్లించినట్టుంటుంది. కొలతలు తీసుకుంటూ "చేతులు పైకెత్తండి" అంటే కొత్తగా వచ్చినవాళ్ళు దొంగలు పడ్డారనుకుని బిక్కచచ్చిపోయేవాళ్ళు. ప్యాంటు బిగుతైందని దుకాణానికొచ్చిన రేడియో నాటకాల ప్రొడ్యూసరు ఆ గొంతు విని అక్కడికక్కడే ముచ్చటపడిపోయాడు. వేషం ఇచ్చాడు. ఒకే ఒక్క మాట. భార్యను శాశ్వతంగా వదిలేసి పోతూ భర్త "వెళ్తున్నాను" అనాలి. తలుపు చప్పుడు. ఆ తర్వాత అరగంట భార్య ఏడుస్తుంది. అదే నాటకం.

"ఇది సరిగ్గా పలికారంటే వచ్చే నెల నాటకంలో రాజు మీరే," అన్నాడు.

ఇక బాబాయి నేలమీద నిలవలేదు. దుకాణానికి బయల్దేరుతూ గడప దగ్గర ఆగి, గుండెనిండా గాలి పీల్చి "వెళ్తున్నాను!" అనేవాడు. వంటింట్లోంచి పిన్ని గరిటెతో సహా పరుగెత్తుకొచ్చేది.

"ఇంట్లోంచి కదిలేటప్పుడు ఆ పాడుమాటేంటండీ? వెళ్ళొస్తాననండి!"

"సాధన చేస్తున్నానే."

"మీ సాధన దుకాణంలో చేసుకోండి. ఇక్కడ వెళ్ళొస్తానంటేనే చెప్పులిస్తా."

చెప్పులు ఆవిడ వెనక ఉండేవి. బాబాయి గొణుగుతూ "వెళ్ళొస్తా" అనేవాడు. "గట్టిగా!" అనేది. గట్టిగా అనేవాడు. వారమంతా ఇదే తంతు.

నాటకం రోజు సాయంత్రం, స్టూడియోలోంచి నేరుగా ప్రసారం. పిన్ని, నేను, పక్కింటి మొగుడూపెళ్ళాలూ రేడియో చుట్టూ చేరాం. ముందు వయొలిన్ కచేరీ. శ్రుతి చేసుకుంటున్నారో వాయిస్తున్నారో నాకైతే తెలియలేదు. పక్కింటాయన మాత్రం తెగ తలూపాడు. అది కునుకుపాటని తర్వాత తేలింది. ఆపైన, నిద్ర పట్టనివాళ్ళ కోసం ఒక డాక్టరుగారి ప్రసంగం. దాంతో పక్కింటావిడ కూడా ఒరిగిపోయింది. పిన్ని ఇద్దర్నీ తట్టి లేపింది.

"లేవండి, లేవండి, మా ఆయనొస్తున్నారు!"

నాటకం మొదలైంది. భార్య వేషం వేసినావిడ "నన్నొదిలేసి ఎక్కడికి?" అంది. మేమంతా రేడియో మీదికి వంగాం. బాబాయి గొంతు గదంతా మోగింది.

"వెళ్ళొస్తా!"

తలుపు చప్పుడు వినబడలేదు. తలుపు వేయాల్సినవాడు తెల్లబోయి ఉంటాడు. ఆ నటి మాత్రం ఏం చేస్తుంది పాపం, కాపురం చేసుకునే మనిషి, అలవాటుకొద్దీ "తొందరగా వచ్చేయండి" అంది.

"అలాగే," అన్నాడు బాబాయి.

మళ్ళీ వయొలిన్.

"అయిపోయిందా? పోన్లెండి, గొడవల్లేని సంసారం," అంది పక్కింటావిడ. పిన్ని ముఖం వెలిగిపోతోంది. రాజు వేషం గుర్తొచ్చాక గానీ వాడిపోలేదు.

"నేనే చెడగొట్టానంటావురా?"

"నువ్వే," అన్నాను. లేనిపోని ఓదార్పులు నావల్ల కావు.

బాబాయి వచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆ ప్రొడ్యూసరు ఏమన్నాడండీ?"

"అనాల్సినవన్నీ అన్నాడు. రాజు వేషం పోయింది." గొంతు సవరించుకున్నాడు. "అయినా నన్ను వదల్లేదులే. చెక్కముక్కలతో డెక్కల చప్పుడు చెయ్యాలట. రాజుగారి గుర్రాన్ని నేనే."

పిన్ని గుమ్మంలోంచి కదల్లేదు.

"గుర్రానికి మాటలున్నాయా?"

"లేవు."

"హమ్మయ్య!" అని దారిచ్చింది.