రత్నం గారి బూట్లు నేను కడిగిన వైనం

నేను చేసిన ఘనకార్యాలు రాస్తే ఒక ఉద్గ్రంథమవుతుంది. పెళ్ళిచూపులకని బయల్దేరి, వీధి తప్పి, ఎవరి ఇంట్లోనో కూర్చుని రెండు ప్లేట్ల ఉప్మా తిని వచ్చినవాణ్ణి. అయితే అవన్నీ తల్చుకుని నవ్వుకోవడానికి పనికొచ్చేవి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఏడేళ్ళ క్రితం ఒక పళ్ళ బ్రష్షుతో, పూర్తిగా సొంత తెలివితో చేసిన సర్వనాశనం. మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో నేను కాస్త ఆగితే ఏమీ అనుకోకండి.

బెజవాడలో అందరికీ క్రికెట్ పిచ్చి ఉన్న రోజుల్లో మాలాంటి గుప్పెడు మందికి మాత్రం రత్నం గారి ఎడమ కాలి పిచ్చి ఉండేది. మా ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆయన చాలా ఏళ్ళు ఆడారు. ఆయన చివరి మ్యాచ్ నేను ఐదో తరగతిలో ఉండగా చూశాను. జోరువాన. గ్రౌండంతా నాట్లకి దమ్ము చేసిన పొలంలా ఉంది. బంతి ఎక్కడుందో రిఫరీకే తెలియడం లేదు. ఆ బురదలోంచి ఆయన ఎడమ కాలు లేవడం ఒక్కటే కనిపించింది. గోల్! ఆ సంతోషంలో నేను ప్రహరీగోడ మీంచి అవతలికి పడ్డాను. గెడ్డం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపిస్తూ ఉంటాను.

ఆ తర్వాత ఆ గ్రౌండ్ పోయింది. రత్నం గారు భార్య సరోజినమ్మ గారితో కంకిపాడులో స్థిరపడ్డారు. ఏడేళ్ళ క్రితం, ఒక సోమవారం పొద్దున, ఆయన పోయారని కబురొచ్చింది. అప్పటికి నాకు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. పక్క షెడ్డులో మెకానిక్ బుజ్జి. చిన్నప్పుడు నాతోపాటు అదే గోడెక్కి మ్యాచ్‌లు చూసినవాడు. ఇద్దరం షట్టర్లు దించేసి కూర్చున్నాం. కంకిపాడు ఎంత దూరమని? బండి మీద అరగంట. అయినా ఆయన బతికుండగా ఒక్కసారి కూడా వెళ్ళలేదు మేము. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే గడిపేశాం.

ఆ సిగ్గుకొద్దీ, పెద్దకర్మ అయ్యాక వచ్చే ఆదివారం సంతాప సభ పెట్టాలని తీర్మానించాం. పనులన్నీ నేనే మీద వేసుకున్నాను. ఫోటో ముందు ఆయన బూట్లు పెట్టాలన్న అద్భుతమైన ఆలోచన కూడా నాదే. అడగడానికి కంకిపాడు వెళ్ళాను.

సరోజినమ్మ గారు లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక గుడ్డసంచి తెచ్చారు. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చారు.

"బాబూ, ఇవి ఆయన చివరి ఆటలో వేసుకున్నవి. జాగ్రత్త. వీటికి..."

"మీరేం చెప్పక్కర్లేదమ్మా! నా ప్రాణంలా చూసుకుంటాను."

"అది కాదు బాబూ, ఆ సంచి..."

"అమ్మా, ఇక ఆ సంగతి నాకొదిలెయ్యండి!"

గమనించారా? ఆవిడ రెండుసార్లు మొదలుపెట్టారు. రెండుసార్లూ నేనే అడ్డం పడ్డాను. ఎదుటివాళ్ళ మాట పూర్తి కానిస్తే నా నోరు పడిపోతుందని నాకు అప్పట్లో ఒక నమ్మకం. ఆవిడ మూడోసారి నోరు తెరిచేలోపు నా బండి బెజవాడ రోడ్డెక్కేసింది.

షాపుకొచ్చి సంచి విప్పితే నా గుండె తరుక్కుపోయింది. బూట్ల నిండా ఎండిపోయిన మట్టి. అడుగున జారకుండా ఉండే గుబ్బల మధ్య రాయిలా బిగిసిపోయింది. సంచి అడుగున కూడా మట్టిపొడే. అంతటి ఆటగాడి బూట్లు ఈ అవతారంలో సభకెక్కించడమా! సరే, పని మొదలుపెట్టాను. గుబ్బల మధ్య మట్టిని పిన్నీసుతో పెళ్ళగించాను. కుట్లలో ఉన్నదాన్ని పళ్ళ బ్రష్షుతో తోమాను. సంచిని తిరగేసి మురిక్కాలవ మీద నాలుగుసార్లు దులిపాను. పాలిష్ మూడుసార్లు పట్టించాను. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. పాత లేసులు పారేసి తెల్లటివి కొత్తవి కట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

బుజ్జి చూసి రెండడుగులు వెనక్కేశాడు. "బూట్లకి బొట్టేంట్రా? కళ్ళు పోతాయి!"

"దసరాకి నువ్వు పానాలకీ జాకీకీ పెట్టట్లేదా?"

"అవి పనిముట్లు రా."

"ఇవి ఆయన పనిముట్లు!"

బుజ్జి కాసేపు ఆలోచించి, "కరెక్టే," అని, ఒక నిమ్మకాయ కూడా తెచ్చి ముందు పెట్టాడు. ఆటోనగర్‌లో ఏ వాదనైనా నిమ్మకాయతోనే ముగుస్తుంది.

ఆదివారం పొద్దున సభ. అరవై మంది దాకా వచ్చారు. ఒక్కొక్కరే లేచి ఆ చివరి గోల్ గురించి చెప్పారు. మొదటాయన ఇరవై గజాల నుంచి కొట్టారన్నాడు. రెండో ఆయన ముప్పై. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆ బంతిని నలభై కిలోమీటర్ల అవతల హనుమాన్ జంక్షన్‌లో నిలబడి తన్నినట్టు తేలింది. ఎవరూ ఎవర్నీ కాదనలేదు. నవ్వుతున్నాం, కళ్ళు తుడుచుకుంటున్నాం.

చివర్లో సరోజినమ్మ గారు పూలు వేయడానికి వేదిక ఎక్కారు. ఫోటోకి దణ్ణం పెట్టుకుని అటూ ఇటూ చూశారు. నేను పక్కనే, మైకు చేతిలో పట్టుకుని, మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను.

"బాబూ, ఆయన బూట్లు పెట్టలేదేం?"

"ఇవేనమ్మా!"

ఆవిడ వంగి చూశారు. "ఇవి కొత్తవి కదా. ఆయనవి ఏవి?"

మైకు పనిచేస్తోంది. హాలంతా వింది.

"అవేనమ్మా ఇవి. నేను... శుభ్రం చేశాను."

ఆవిడ ఒక బూటు చేతిలోకి తీసుకుని తిరగేశారు. గుబ్బల మధ్య వేలు పెట్టి చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది. నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు వానలో ఇంటికొచ్చి గడపలో బూట్లు విప్పి, "కడగొద్దు సరోజా, ఈ గ్రౌండ్ అమ్మేశారంట, ఇక ఈ మట్టి మనకి దొరకదు" అన్నారట ఆయన. అప్పుడప్పుడూ పేపరు పరుచుకుని వాటిని బయట పెట్టుకుని కూర్చునేవారట. లేచేటప్పుడు పేపరు మీద రాలిన మట్టిని మడిచి మళ్ళీ సంచిలో పోసేసేవారట.

నా నోరు మూతపడిన మొదటి సందర్భం అదే అని బుజ్జి ఇప్పటికీ అంటాడు.

నా మొహం చూసి ఆవిడకే జాలేసింది. "పోనీలే, ఏడవకు బాబూ. రాలిన మట్టి సంచిలో ఉంటుందిగా. అది చాలు నాకు. సంచి ఇలా ఇవ్వు."

అయ్యా, అమ్మా, ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. వేదిక కింద నుంచి సంచి తీసి ఇచ్చాను. సబ్బు పెట్టి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన సంచి. నాలుగు మడతలు. మల్లెపూల సెంటు కూడా కొట్టాను.

ఆవిడ దాన్ని విప్పి లోపలికి చూశారు. మళ్ళీ మడిచి చంకలో పెట్టుకున్నారు.

మర్నాడే బుజ్జీ నేనూ ఆ గ్రౌండ్ ఉన్న చోటికి పరుగెత్తాం. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. గేటు నుంచి లిఫ్టు దాకా టైల్సే. వాచ్‌మన్‌ని బతిమాలాం.

"ఒక్క గుప్పెడు మట్టి బాబాయ్, ఎక్కడున్నా సరే."

"మట్టా? ఇక్కడెక్కడిదండీ? ఈ కుండీల్లోకే ట్రాక్టరు మీద తెప్పించారు."

"ఎక్కడ్నించి?"

"కంకిపాడు నుంచండీ."

బుజ్జి మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. ఎప్పుడు ఏడుపులోకి దిగామో ఇద్దరికీ తెలియలేదు. వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఒట్టి చేతులతో కంకిపాడు వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ కాఫీ ఇచ్చారు. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "మంచి మనసుతోనే చేశావు బాబూ, తెలుసు. కానీ మొన్నటిదాకా ఆ బూట్లు చూస్తే ఆయన ఇప్పుడే ఆడి వచ్చినట్టుండేది. ఇప్పుడు ఎప్పుడూ ఆడనట్టున్నాయి," అన్నారు.

ఈసారి అడ్డం పడలేదు. మాట పూర్తయ్యాక కూడా కూర్చునే ఉన్నాను. ఆ తర్వాత నెలకో ఆదివారం వెళ్తూనే ఉన్నాను. ఆయన ఉన్నప్పుడు వెళ్ళాల్సినవాణ్ణి, ఆయన మట్టి కూడా లేకుండా చేశాక వెళ్తున్నాను.

కనుక కృష్ణానది సాక్షిగా, ఆటోనగర్ యావన్మంది ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఏ మురికి ఎవరి జ్ఞాపకమో కనుక్కోకుండా ఇకపై ఈ చేతులతో ఏ వస్తువూ కడగను, తోమను, ఉతకను, దులపను.

మా ఆవిడ ఇదంతా చదివి, ఈ ప్రమాణం మా ఇంట్లో అంట్లకి వర్తించదనీ, సింకులో ఉన్నవి నిన్న రాత్రి పప్పుచారు జ్ఞాపకాలేననీ, వెంటనే లేవమనీ సెలవిచ్చింది.