ఐదు ఆకులకూ ఒకటే చుక్క

ఆకులో మందు ఎక్కడ దాక్కుని ఉంటుందో కాగితం మీద చూపించే విద్య ఒకటి ఉందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా కోదాడ బాబాయి. ఆ రోజుల్లో కబుర్లు కూడా మనుషులతోపాటే బస్సు దిగేవి. ఉత్తరాలు లేకపోలేదు గాని, ఉత్తరం చేరేలోపల మనిషే వచ్చి చెప్పిపోయేవాడు. సూర్యాపేటలో మా ఇల్లు బెజవాడ రోడ్డుకు దగ్గర. కోదాడలో కిరాణా కొట్టున్న బాబాయి సరుకు కోసం హైదరాబాదు వెళ్ళి వస్తూ, మా ఊళ్ళో బస్సుకు బొగ్గు వేసేంతసేపట్లో (అప్పటి బస్సులు వెనక పొయ్యి తగిలించుకుని నడిచేవి, మనుషులకంటే వాటికే ఆకలి ఎక్కువ) మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి పోయేవాడు. ఆ రోజు సగం గ్లాసు తాగి, "మీ చిన్నమామ వచ్చే శుక్రవారం దిగుతున్నాడమ్మా. ఆకు పసరు కాగితానికి పెడితే అందులో మందు వేరు, రంగు వేరు అయి నిలబడతాయంట. మీ పెద్దమ్మ మందు సంగతి తేల్చేస్తానంటున్నాడు" అని, మిగతా సగం తాగి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ చెంగుతో గ్లాసు తుడిచి, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచి, బడి ముఖం చూడని నాకు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, దేవుడి పద్యాలు చదవడం నేర్పిన తల్లి. ఈనాడు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చేతి చలవే. ఆమె పచ్చకామెర్లకు మందు ఇచ్చేది. ఆదివారం పొద్దున్నే పెన్‌పహాడ్ నుంచీ, చిలుకూరు నుంచీ బండ్లు కట్టుకుని జనం వచ్చేవాళ్ళు. ఐదు రకాల ఆకులు ఎండబెట్టి నూరిన పొడి, పుల్లని మజ్జిగలో కలిపి, తూర్పు ముఖం పెట్టించి తాగించేది. ఆ ఐదు ఆకుల పేర్లు ఎవరికీ చెప్పకూడదని ఆమెకు మందు నేర్పిన అత్తగారు ఒట్టు పెట్టించుకున్నారట. పేరు నోట్లోంచి వస్తే మందు పనిచేయదని మా ఇంటి నమ్మకం. నాకు పదమూడేళ్ళు. ఆకులు ఆరబోసేది నేనే, జల్లెడ పట్టేది నేనే. అయినా పేర్లు నాకూ తెలియవు. ఎర్రకాడది, ముడుచుకునేది, చేదుది, ఇలా గుర్తులు పెట్టుకునేదాన్ని.

పోలీసు చర్య గడబిడ అణిగాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. చిన్నమామ, అంటే పెద్దమ్మకూ మా అమ్మకూ ఆఖరి తమ్ముడు, హైదరాబాదులో రసాయన శాస్త్రం చదివేవాడు. పరీక్షలైపోయాయి. వాళ్ళ పెద్దసారు దగ్గర పరిశోధనకు ఒక్క చోటు ఉంది, ఆశపడేవాళ్ళు ఇద్దరు. ఈ సెలవుల్లో ఎవరు మంచి పని చేసి చూపిస్తే వాళ్ళకే చోటు అన్నాడట సారు. చిన్నమామ గంపెడాశతో, ఒక సన్నని గాజు గొట్టంతో, స్పిరిట్ సీసాతో, సారు లెక్కపెట్టి ఇచ్చిన ఏడు తెల్లని కాగితపు పట్టీలతో మా ఇంట్లో దిగాడు.

ముందు అక్కాతమ్ముళ్ళకు పేచీ వచ్చింది. పేర్లు చెప్పమని ఆయన, చెప్పనని ఆమె. రెండు రోజులు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా అన్నీ నాతో చెప్పించుకున్నారు. మూడోనాడు పెద్దమ్మే ఒక దారి కనిపెట్టింది. "నీ సదువుకు పొడి కావాలె గని పేరెందుకురా తమ్మీ? పొడి ఇస్త. ఒకటో ఆకు, రెండో ఆకు అని రాసుకో" అని ఐదు గుడ్డ మూటలు తెచ్చి ముందర పెట్టింది. మొదటి మూటకు ఒక ముడి, రెండోదానికి రెండు, ఐదోదానికి ఐదు. ఐదో మూట విప్పడానికి చిన్నమామకు గడియసేపు పట్టింది.

పని ఎలా జరిగేదో నాకు అర్థమైనంతలో చెబుతాను. పొడిని స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టేవాడు. కాగితపు పట్టీకి అడుగున పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత మధ్యన ఈ రసం ఒక చుక్క పెట్టేవాడు. బాబాయి కొట్టులోంచి వచ్చిన పొడుగాటి పిప్పరమెంట్ల జాడీలో అడుగున కొంచెం స్పిరిట్, నీళ్ళు పోసి, పట్టీని దారంతో వేలాడదీసి మూత బిగించేవాడు. ఒత్తి నూనెను లాక్కున్నట్టు కాగితం ఆ తడిని పైకి లాక్కునేది. తడితోపాటు ఆకు రసం కూడా బయలుదేరేది. జాతరకు నడిచిపోయే జనంలో కుర్రవాళ్ళు ముందర, ముసలివాళ్ళు వెనక అయినట్టు, రసంలోని సరుకులు ఒక్కొక్కటీ ఒక్కొక్క మజిలీలో ఆగేవి. పైన ఆకుపచ్చ, కింద గోధుమరంగు. నేను జాడీ ముందు నుంచి లేచేదాన్ని కాదు. పొద్దున పెట్టింది సాయంత్రం దాకా మూత తీయొద్దని చిన్నమామ అంటే, "ఆవకాయ జాడి లెక్క చేస్తున్నవ్ గదరా" అని పెద్దమ్మ నవ్వేది. మందుకు వచ్చినవాళ్ళు మజ్జిగ తాగి, ఆ జాడీకి కూడా ఒక దండం పెట్టి పోయేవాళ్ళు.

ఆకు రసం పెట్టని ఖాళీ పట్టీ కూడా ఒకటి జాడీలో పెట్టి చూడాలని చిన్నమామ పుస్తకంలో ఉందట. ఉన్న పట్టీలు ఏడు, ఒకటి చేయిజారి చినిగితే ఎట్లా అని ఆయన ఆ పని మానేశాడు. (ఆ ముక్క చదివి వినిపించింది ఆయనే, మానేసిందీ ఆయనే. ఈ ఒక్క తప్పు మాత్రం నాది కాదని సవినయంగా మనవి.)

ఇక నా తప్పు. మా ఇంట్లో కొత్త బట్ట ఏదైనా అంచుకు కాస్త పసుపు పెట్టందే ఒంటి మీద వేసుకోవడమన్నది లేదు. ఆ పట్టీలు చూస్తే కొత్త మల్లు గుడ్డలా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. మామ అంతటివాడు అంత ఆశతో మొదలుపెడుతున్నాడు, పసుపు లేకుండా ఎలాగ అని నా ప్రాణం ఒప్పుకోలేదు. ఎదురుగా పెడితే కసురుతాడని, పొద్దున పూజ కాగానే, తడి వేలికి పసుపు అద్దుకుని, పట్టీ వెనకవైపున, సరిగ్గా పెన్సిల్ గీత మధ్యన, ఆవగింజంత చుక్క పెట్టేదాన్ని. పెట్టి, స్వామీ మా మామను గెలిపించు అని కళ్ళు మూసుకునేదాన్ని. దానిమీదే ముందువైపు నుంచి ఆకు రసం పడి మరకలో మరక కలిసిపోయేది. రోజుకొక పట్టీ, రోజుకొక చుక్క. ఒక్కనాడూ మరిచిపోలేదు. చేసిన పుణ్యకార్యాల్లో అంత శ్రద్ధగా చేసింది మరొకటి లేదు.

స్వామి విన్నాడు. మొదటి పట్టీలోనే ఆకుపచ్చకూ గోధుమరంగుకూ మధ్యన అందమైన పసుపుపచ్చ చుక్క నిలిచింది. ఆ పట్టీ ఆరేసేటప్పుడు చినిగితే చిన్నమామ ఇంకొకటి వేశాడు. అందులోనూ అదే. చినిగినదాన్ని నాకిచ్చేశాడు, దాన్ని దేవుడి గూట్లో దాచుకున్నాను. రెండో ఆకులోనూ అదే చుక్క, అదే ఎత్తులో. మూడో ఆకుకు ఆయన అన్నం మానేశాడు. నాలుగో ఆకుకు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఐదో ఆకులోనూ కనపడేసరికి నట్టింట్లో కూర్చుని, "అక్కా, నీ ఐదు ఆకుల్ల ఒకటే మందు ఉన్నది. గందుకే వాటిని కలిపిండ్రు పెద్దోళ్ళు" అన్నాడు. పెద్దమ్మ మాత్రం తాపీగా, "పచ్చ రోగానికి పచ్చ మందే ఉంటది. గీ ముక్క కోసం గింత పరేషాన్ అయినవా?" అంది.

అంతలో బాబాయి మరో కబురు తెచ్చాడు. పెద్దసారు బెజవాడ వెళుతూ బుధవారం కోదాడ ముసాఫిర్ బంగ్లాలో ఒక పూట ఆగుతారట. పట్టీలు తీసుకుని అక్కడికే రమ్మన్నారట. రెండోవాడు అప్పటికే తన పని చూపించేశాడట కూడా. బుధవారం పొద్దున చిన్నమామ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఊరందరి కళ్ళూ వీడిమీదే ఉన్నాయని, ఎర్రనీళ్ళతో దిష్టి తీయందే గడప దాటొద్దని పెద్దమ్మ పట్టుబట్టింది. నీళ్ళు కలిపే పని నాది. పళ్ళెంలో నీళ్ళు పోశాను, పసుపు వేశాను, చిటికెడు సున్నం వేశాను. పచ్చని నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వెయ్యిసార్లు చూసిన సంగతే. ఆ రోజు మాత్రం పళ్ళెం ఎత్తకుండా దానివైపే చూశాను. పసుపు నీళ్ళల్లో కరుగుతుంది, గుడ్డ మీద పాకుతుంది. మరి కాగితం మీద?

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన ముఖం అంత వెలిగిపోతుంటే నోరు రాలేదు. బస్సు వెళ్ళిపోయింది. నేను దేవుడి గూట్లోంచి చినిగిన పట్టీ తీసి, ఆ పచ్చ చుక్కకు వేలితో సున్నం అద్దాను. చుక్క ఎర్రబడింది. నేను గూటి ముందే కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ వచ్చి, పట్టీ చూసి, నా వేలు చూసి, అడగకుండానే తెలుసుకుంది. కొడుతుందనుకున్నాను. తలుపుకు గొళ్ళెం పెట్టి, "నడువు బిడ్డా. ఆ సారు ముందల వాడు అబద్ధపోడు కావద్దు" అంది.

తరువాతి బస్సు ప్రతి ఎత్తు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ మమ్మల్ని కోదాడ చేర్చేసరికి మిట్టమధ్యాహ్నం. బంగ్లా వరండాలో పెద్దసారు కుర్చీలో, చిన్నమామ నిలబడి, బల్ల మీద ఐదు పట్టీలు. సారు ఇవి ఏ మొక్కలయ్యా అని అడుగుతున్నారు. "పేర్లు తెలియవు సార్. చెప్తే మందు పనిచెయ్యదని మా అక్క..." అంటున్నాడు చిన్నమామ. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెద్దమ్మ తలమీద కొంగు లాక్కుని, స్తంభం పక్క నుంచి, "తమ్మీ, జర ఇటు రా" అంది. ఆయన రాగానే నా చేతిలో పట్టీ చూపించి, "మామా, అది పసుపు. నేనే పెట్టిన" అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు, ఆయనకు వినపడింది.

ఆయన ఆ ఎర్ర చుక్కను ఎంతసేపు చూశాడో చెప్పలేను. తరువాత పెద్దమ్మ వక్కాకు సంచిలోంచి సున్నపుకాయ అడిగి తీసుకుని, తిరిగి బల్ల దగ్గరకు వెళ్ళి, సారు చూస్తుండగా ఐదు చుక్కలకూ తన చేత్తోనే సున్నం అద్దాడు. ఐదూ ఎర్రబడ్డాయి. "సార్, ఇది ఆకులది కాదు. మా ఇంటి పసుపు. ఖాళీ పట్టీ పెట్టి చూడకపోవడం నా తప్పు" అన్నాడు. ఎవరు పెట్టారో చెప్పలేదు. సారు, సున్నంతో పరీక్ష చేయాలని నీకెప్పుడు తోచిందని అడిగారు. చిన్నమామ వెనక్కి తిరిగి నన్ను చూపించి, "నాకు కాదు సార్. మా కోడలుపిల్లకు తోచింది" అన్నాడు.

సారు నన్ను దగ్గరకు పిలిచి, ఏ బడి అని అడిగారు. ఇంట్లోనే అన్నాను. పెట్టె తెరిచి కొత్త పట్టీ ఒకటి నా చేతిలో పెట్టారు. పరిశోధన చోటు మాత్రం రెండోవాడికే ఇచ్చారు. న్యాయం కూడా అదే.

తిరుగు బస్సు సగం దారికి వచ్చింది. పెద్దమ్మ మెల్లిగా, "అయితే నా మందు నీకు దొరకనట్టేనా తమ్మీ?" అంది. (ఆ గొంతులో జాలి ఎంతో, సంతోషం ఎంతో ఆ దేవుడే వేరుచేసి చూపాలి.) దొరకలేదక్కా, నీది నీ దగ్గర్నే ఉన్నదన్నాడు. ఇంకాసేపటికి నా వైపు తిరిగి, "జాడీకి గూడ పసుపు పెట్టినవా?" అని అడిగాడు. "లేదు మామా, జాడీకి కుంకుమ పెట్టిన, అడుగున" అన్నాను. అప్పుడు నవ్వాడు. బస్సంతా తిరిగి చూసేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు అన్నీ నవ్వువేనా అని ఇప్పుడు అనుమానపడుతున్నాను గాని, అప్పుడు నేనూ హాయిగా నవ్వేశాను.

తరువాత ఆయన మిర్యాలగూడ బడిలో సైన్సు అయ్యవారై అక్కడే తల నెరిపించుకున్నాడు. ఏ ప్రయోగమైనా పిల్లలచేత ముందు ఖాళీ కాగితంతోనే మొదలుపెట్టించేవాడట. ఎందుకు సార్ అంటే, మా ఇంట్లో చాలా భక్తి ఉండేదిరా అనేవాడట. సున్నం సంగతి వచ్చిన ప్రతిచోటా నా పేరు చెప్పాడు. పసుపు సంగతి బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, నేనే చెప్పుకుంటున్నాను. పెద్దమ్మ పోయేముందు ఆ ఐదు ఆకుల పేర్లు నా చెవిలో చెప్పింది. క్షమించాలి, అవి ఇక్కడ రాయను.

సారు ఇచ్చిన పట్టీ నా పెట్టెలో ఇంకా తెల్లగానే ఉంది. తీసి చూసినప్పుడల్లా వేలు పసుపు డబ్బీ వైపు పోతుంది, వెనక్కి లాక్కుంటాను. మీరు మాత్రం కొత్త బట్టకు పసుపు పెట్టుకునేటప్పుడు, తన చోటు పోతున్నా ఒక పదమూడేళ్ళ పిల్ల తప్పును తనమీద వేసుకున్న మా చిన్నమామను ఒక్కసారి తలుచుకోండి.