మడిచిన రేకులు

చింతామణి బస్టాండు గోడవారన తామరమొగ్గలు అమ్మేది మునిరత్నమ్మ ఒక్కతే. మొగ్గలన్నీ తడి గోనెపట్టా కింద ఉంటాయి, ఒకటి మాత్రం ఎప్పుడూ ఆమె ఒళ్లో ఉంటుంది. మాట్లాడుతూనే దాని పైరేకును బొటనవేలితో వంచి, కొనను లోపలికి దోపుతుంది. తర్వాత రెండోది, మూడోది. ఒక్క రేకూ చిరగదు. మిట్టేమరిలో వాళ్లమ్మ నేర్పిన మడత అది. అమ్మ పోయాక ఇంకొకరి చేతుల్లో ఆమె దాన్ని చూడలేదు. కొనేవాళ్లకా ఓపిక లేదు. "ఆ తిప్పలు యాల? అట్లే ఇచ్చెయ్యమ్మా, బస్సు పోతాది" అంటారు. వేలి కీళ్లు నొప్పెడుతున్నా ఆమె మాత్రం మానదు.

మొన్న శుక్రవారం పొద్దున కారు డ్రైవర్ పునీత్ ఒక వియత్నాం ఆవిడను తీసుకొచ్చాడు. ఆవిడ భుజాన సంచి మీద దారంతో కుట్టిన తామర ఉంది. "వాళ్ల దేశంలో గిన్నెల మీద, గుడి తలుపుల మీద అంతా ఈ పువ్వేనంటమ్మా. బురదలో పుట్టినా బురద వాసన అంటదని వాళ్లకు అంత గౌరవమంట" అన్నాడు. ఆవిడ ఒక మొగ్గ తీసుకుని, పక్కనే చతికిలబడి, పైరేకును బొటనవేలితో వంచి కొనను లోపలికి దోపింది. మునిరత్నమ్మ చేయి ఆగిపోయింది.

"ఎవరు నేర్పినారో అడుగప్పా."

"వాళ్లమ్మంట."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గోనెపట్టా కింది మొగ్గలన్నీ మడిచారు. కారెక్కబోతున్న పునీత్‌ను మునిరత్నమ్మ వెనక్కి పిలిచింది.

"మాయమ్మ బాగేపల్లి సంత దాటి యాడికీ పోలేదనుకొంటి కదప్పా, ఇన్నాళ్లూ" అంది.