ఇద్దరు ముసలమ్మలు, ఒకే పథ్యం

మా ఇంట్లో పిల్లి నాకంటే సీనియర్. నేను కోడలిగా పాల్వంచ క్వార్టర్‌లో అడుగుపెట్టే నాటికే అత్తమ్మ పక్కన దాని చోటు, అత్తమ్మ కంచంలో దాని వాటా ఖాయమైపోయి ఉన్నాయి. మాది ప్రార్థన చేయకుండా ముద్ద ముట్టని ఇల్లు, అత్తమ్మ ప్రార్థనేమో చాలా పొడుగు. పిల్లి కళ్లు మూసుకుని ఓపిగ్గా కూర్చునేది. "ఆమేన్" అన్న మాట చెవిన పడగానే కంచంలో చెయ్యి పెట్టేది. చెయ్యి అన్నానని నవ్వకండి. దానివి కాళ్లని ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

అలాంటి పిల్లి పద్నాలుగేళ్ల వయసులో నీళ్ల మీద పడింది. బాత్రూమ్ బకెట్లో, పెరటి తొట్టిలో, కుండ కింద కారిన తడిలో, ఎక్కడ పడితే అక్కడ తల పెట్టి తాగడమే. తాగిందంతా తెచ్చి నేను మడతపెట్టిన బట్టల మీద పోసేది. అసలే మా ఊళ్లో ఆరేసిన బట్టల మీద కరెంటు ప్లాంటు బూడిద పడుతుంది. అది దులిపి, మడతపెట్టి, ఊపిరి తీసుకునేలోపు ఇదీ వరస. నాకు ఒళ్లు మండిపోయేది.

"దానికి షుగరొచ్చింది" అని అత్తమ్మ తేల్చేసింది.

మా ఆయన ప్లాంటులో బాయిలర్ దగ్గర షిఫ్టు డ్యూటీ చేసేవాడు. లోకంలోని కష్టాలన్నీ ఆయనకు నీళ్ల లెక్కలోనే అర్థమవుతాయి. "ఎక్కడ్నో లీకున్నది" అన్నాడు.

నిమిరితే వెన్నెముక చేతికి తగలడం మొదలయ్యాక, దాన్ని సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానాకు బయలుదేరాను. అత్తమ్మ తోడొచ్చింది, అంటే నా మీద నమ్మకం లేక వచ్చింది. మాకంటే ముందు రెండు బర్రెలు, ఒక మేకపోతు ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి డాక్టరు చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండానే, "మేత తింటున్నదా? నెమరేస్తున్నదా?" అని అడిగాడు. సంచిలోంచి తలకాయ బయటికొచ్చాక సర్దుకున్నాడు.

పిల్లులు తన దగ్గరికి పెద్దగా రావని ఆయన దాచకుండా చెప్పాడు. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి కనుక్కుని, రక్తం తీసి, ఊళ్లో ఉన్న మనుషుల ల్యాబుకే పంపించాడు. సాయంత్రం రిపోర్టు కోసం వెళ్తే ల్యాబతను లేచి నిలబడ్డాడు. అతని దగ్గరున్న చీటీ మీద ఆడ, పద్నాలుగేళ్లు అని మాత్రమే రాసి ఉంది.

"అమ్మాయి ఏడున్నది మేడం? కిడ్నీలు ఖరాబైనయ్. జల్దీ ఖమ్మం తీస్కపోండి!"

"ఇంట్లనే ఉన్నది. బీరువ మీద పడుకున్నది" అన్నాను.

అతను నన్ను చూసిన చూపు ఏ తల్లికీ వద్దు. అది పిల్లి అని చెప్పబోతే నాకు నవ్వు ఆగలేదు. రిపోర్టు పట్టుకుని మళ్లీ దవాఖానాకు వెళ్లాక మాత్రం నవ్వు రాలేదు.

"కిడ్నీలు మళ్ల బాగుగావు మేడం. ఉన్నకాడికి కాపాడుకోవాలె" అన్నాడు డాక్టరు. "ఉప్పు బంద్. ఎండుచేపలు అసలే వద్దు. ఒంట్ల నీళ్లు తగ్గకుండ తోలు కింద సెలైన్ ఎక్కియ్యాలె. ఎట్లనో నేను చూపిస్త."

"ఇది పోతే నేను గూడ పోత" అంది అత్తమ్మ.

అది ఉత్త బెదిరింపు కాదు. మామయ్య పోయిన ఏడాదే ఆ పిల్లి ఇల్లు చేరిందట. అప్పట్నుంచీ ఆమె పక్కలో ఉన్న తోడు అదొక్కటే. పైగా అత్తమ్మకు బీపీ. ఉప్పు బంద్, ఎండుచేపలు అసలే వద్దు అని ఆమె డాక్టరు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు, ఆమె ఏళ్ల తరబడి తింటూనే ఉంది. నిజానికి నా భయం పిల్లి గురించి కాదు. పిల్లి పోతే ఈమె ఏమైపోతుందోనని.

కాబట్టి ఇద్దరి వంటా ఒకటి చేసేశాను. అన్నం, కాస్త కోడిమాంసం, గుడ్డు తెల్లసొన, ఒక్క పలుకు ఉప్పు లేకుండా. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పక్కనున్న గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏంది బిడ్డా, పిల్లికి వండింది నాకు పెడుతున్నవా?"

"లేదత్తమ్మా. మీకు వండిందే పిల్లికి పెడుతున్న."

ఇద్దరూ కలిసి నా వైపు ఒకే రకంగా చూశారు.

ఇక సెలైన్ సంగతి. సీసాను కిటికీ ఊచకు వేలాడదీసేవాళ్లం. అత్తమ్మ పిల్లిని ఒళ్లో పెట్టుకుని చర్చి పాట ఎత్తుకునేది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, ధార ఎంత పడుతోందో సరిచూసేవాడు. "పొద్దంత అక్కడ బాయిలర్‌కు నీళ్లు, ఇంటికొస్తే దీనికి నీళ్లు" అని సణిగేవాడు. దాని మెడ వెనక సూది గుచ్చేది మాత్రం నేనే. మిగతా ఇద్దరూ ఆ క్షణానికి కళ్లు మూసుకునేవారు. ఎక్కిన నీళ్లు తోలు కింద ఒక పక్కకు జారి, పిల్లి కాసేపు ఒంటి భుజం వస్తాదులా నడిచేది.

ఆ వైద్యం చూడటానికి క్వార్టర్లలో ఆడవాళ్లు వచ్చేవారు. మా వైపు ఎంత నీరసమైనా ఒక్క సీసా ఎక్కిస్తే లేచి కూర్చుంటారని నమ్మకం. "మొన్న నాకు అంత జరమొస్తే మా ఇంటాయన ఒక్క బాటిల్ ఎక్కియ్యలే. పిల్లిగ పుట్టినా బాగుండు" అని పక్కింటావిడ నిట్టూర్చింది. అత్తమ్మకూ మనసైంది. నెలకొక సీసా తనకు కూడా ఎక్కించమంది. నేను కుదరదన్నాను.

"అవ్ బిడ్డా, అసలు సెలైన్ల ఏముంటది?"

"నీళ్లు. కొంచెం ఉప్పు."

"ఉప్పా! నోట్లకెళ్లి పోతే విషం, మెడలకెళ్లి పోతే మందా? గిదేం సదువు మీది?"

నేను బడిలో సైన్సు చెప్పే టీచర్ని. అయినా ఆ పూట ఖాళీ సీసా తీసే వంకతో లేచిపోయాను. అది వంకేనని ఆమెకు తెలిసిపోవడం ఇంకా పెద్ద నష్టమైంది.

ఎందుకంటే ఒంటిపూట బడి రోజున నేను ఇల్లు చేరేసరికి వాసన వీధి చివరిదాకా వచ్చి నాకు ఎదురైంది. ఎండుచేపలు చాటుగా కాల్చుకోవచ్చని నమ్మిన మనిషి లోకంలో మా అత్తమ్మ ఒక్కతే అయి ఉంటుంది. పెరట్లో కుంపటి, కుంపటి ముందు ఇద్దరూ. నా అలికిడికి ఒకేసారి తలెత్తారు. ఇద్దరి మూతులకూ చేపపొట్టు అంటుకుని ఉంది.

"ఏందత్తమ్మా ఇది?"

"నేను వద్దనే అన్న. అదే అడిగింది" అని పిల్లిని చూపించింది.

ఆ సాయంత్రమే పిల్లి వాంతులు మొదలుపెట్టి మంచం కిందికి దూరింది. మర్నాడూ బయటికి రాలేదు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతోనే నేల మీద కూలబడి, మంచం కిందికి వంగి, "బిడ్డా, నా తల్లీ, తప్పయింది, రా" అని బతిమాలింది. తను తినలేదు. నేను తిట్టాలనుకున్నవన్నీ మానుకుని పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. డాక్టరు ఇంటికొచ్చి సూదిమందు ఇచ్చి సెలైన్ పెంచాక, అది మెల్లగా లేచి గిన్నె దగ్గరికి వచ్చింది.

ఆ రోజే అత్తమ్మ అటక మీదున్న బిస్కెట్ డబ్బా దింపించి, అందులోని ఎండుచేపలన్నీ పక్కింటావిడకు ఇచ్చేసింది. "ఇంట్ల నేను తింటే దానికి వాసనొస్తది. దాని పానం కొట్టుకుంటది. పోనీ తియ్" అంది. తన డాక్టరు చెబితే విననిది, కొడుకు చేతులు పట్టుకుంటే విననిది, పాస్టరు గారు ప్రార్థనలో పెట్టినా విననిది, పిల్లి కోసం మానేసింది.

కొన్నాళ్లకు ఆమె డాక్టరు బీపీ చూసి ఆశ్చర్యపోయాడు. "కోడలు మంచిగ చూసుకుంటున్నది పెద్దమ్మా" అని నన్ను మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయేలోపే అత్తమ్మ, "కోడలు కాదు సారూ, పిల్లి" అంది.

అలా ఏడాది పైనే గడిచింది. ఇద్దరూ చప్పిడి తిండి తింటూ, నన్ను తిట్టుకుంటూ, బానే ఉన్నారు. వానాకాలం వచ్చాక పిల్లి తిండి మానేసింది. నీళ్లు కూడా తాగడం లేదు. సంచిలో పెడితే పెట్టినట్టు ఉండిపోయింది, గోల చేయలేదు. పశువుల దవాఖానాలో డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇగ నీళ్లెక్కించుడు వద్దు మేడం, దానికి బాధ. ఏది ఇష్టమైతే అది పెట్టుండ్రి."

నిజం చెప్పాలంటే నాకు మొదట హాయిగా అనిపించింది. సూది లేదు, పథ్యం లేదు, ఏది ఇష్టమైతే అది. ఆటోలో ఆ మాటే అత్తమ్మతో సంబరంగా అన్నాను. ఆమె సంచిని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"మీ మామయ్యకు గూడ గిట్లనే చెప్పిండ్రు బిడ్డా. ఖమ్మం దవాఖానాల. ఏది తినబుద్ధయితే అది పెట్టుండ్రని."

 సంత దగ్గర ఆటో ఆపించి ఆమే దిగింది. ఉల్లిగడ్డల దగ్గర కూడా గంటసేపు వాదించే మనిషి, ఆ రోజు బేరమాడకుండా ఎండుచేపలు కొనుక్కొచ్చింది. ఇంట్లో కుంపటి అంటించి, కాల్చి, ముళ్లు తీసి, అరచేతిలో నలిపి పెట్టింది. పిల్లి ముక్కు కదిలింది. కళ్లు తెరిచి కొంచెమే తిని, ఆమె అరచేతిలోనే గడ్డం పెట్టి పడుకుంది. ఆ వారంలోనే పోయింది. మా ఆయన డ్యూటీకి వెళ్లే ముందు పెరట్లో జామచెట్టు కింద గుంత తవ్వి, ఏడుస్తున్నది కనబడకుండా అటు తిరిగి మట్టి కప్పాడు. అత్తమ్మ ఎత్తుకున్న ప్రార్థన మధ్యలోనే ఆగిపోతే నేను పూర్తి చేశాను.

నాలుగు రోజులు ఆమె ఏదో తిన్నాననిపించింది. ఎవరి కోసం మానేసిందో అదే లేదు కదా, ఈ ముసలి ప్రాణాన్ని ఇంకా ఎందుకు ఏడిపించడమని, మిగిలిన ఎండుచేపలు వేయించి, ఉప్పూ కారం సరిపడా వేసి, కంచంలో పెట్టాను. ఆమె కంచం వంక చూసి, నా ముఖంలోకి చూసింది. చెయ్యి కదలలేదు.

"ఇదెందుకు పెట్టినవ్ బిడ్డా? నా గురించి డాక్టరేమన్న చెప్పిండా?"

"అయ్యో లేదత్తమ్మా. నేనే, మీకిష్టమని."

"నిజంగనా?"

"దేవుని తోడు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలి కంచం నా వైపు నెట్టింది. "అయితే తీసెయ్. నాకు ఉప్పు వద్దనే చెప్పు. ఎప్పటిలెక్కనే తిట్టి చెప్పు."

నేను ఆ చేపలు తీసేసి, చప్పిడి పప్పు వడ్డించాను. గొంతు సవరించుకుని, "ఇంకోసారి ఈ ఇంట్ల ఎండుచేపల మాటెత్తితే ఊకోను అత్తమ్మా, చెప్తున్న" అని కసిరాను.

"ఆఁ, గట్ల" అని ఆమె కంచం దగ్గరికి లాక్కుంది.