పెద్దాయన చెవి యంత్రం

డెబ్బైల మధ్యలో, పటాన్‌చెరులో మేం కిరాయికున్న ఇంటి యజమానికి చెవుడు. పక్క ఊరు లక్డారంలో సొంత సేద్యం ఉన్న పెద్దాయన. ఆయనకు వినబడాలని అరిచి అరిచి, ఆయన భార్య, మా ఇంటమ్మ, మాతోనూ అదే గొంతుతో మాట్లాడేది. తెనాలి వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నేను, మొదట్లో ఆవిడకు నా మీద కోపమనుకున్నాను.

మా ఆయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. చొక్కా జేబులో పట్టేంత చెవి యంత్రం ఒకటి చేసి పెద్దాయనకిచ్చారు. పొద్దున బాగానే వినిపించింది. పొలంలో ఎండ ముదిరేసరికి మాటలన్నీ గరగరమన్నాయట.

"చెవుల కప్పలు మొత్తుకున్నట్టున్నది సారూ," అంటూ తిరిగి ఇచ్చేశారు.

మా ఆయనకు ఆ రోజు అన్నం సయించలేదు. హైదరాబాదులో ఆయన స్నేహితుడు పనిచేసే చోట కంప్యూటరుండేది. అందులో ఒక ప్రోగ్రాం, విదేశీ విశ్వవిద్యాలయం అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చినది. సర్క్యూట్‌ను అంకెల్లో రాసిస్తే, అది ఎలా పనిచేస్తుందో కట్టకముందే లెక్కగట్టేది. అయితే యంత్రంలో శబ్దాన్ని పెంచే ట్రాన్సిస్టర్ గుణమేమిటో ముందు మనమే దానికి చెప్పాలి. దాన్ని తయారుచేసినవాళ్ల పుస్తకంలోని అంకెలు చల్లని దేశాలవి.

"మన ఎండకు ఇదేం చేస్తుందో మనమే కొలుద్దాం. లెక్కల్లో బి.ఎస్సీ. చదివావుగా, గీతలు నువ్వు గీయి," అన్నారు మా ఆయన.

ట్రాన్సిస్టర్‌ను గాజు గొట్టంలో పెట్టి, పొయ్యి మీది నీళ్లలోకి దించాం. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆయన థర్మామీటరులో వేడీ, మీటరులో కరెంటూ చూసి చెప్పడం, నేను గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టడం. ఇంటమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏంది బిడ్డా గిది? మూడు కాళ్లున్నయి, పురుగా?"

నవ్వాగలేదు నాకు. "బాబాయిగారి యంత్రంలోది పిన్నిగారూ. వేడికి ఎంత మారుతుందో చూస్తున్నాం."

"గట్లనా? ఇంకిన్ని కట్టెలు తెస్త, మంచిగ ఉడకవెట్టుండ్రి."

చుక్కలు కలిపితే గీత సాఫీగా పైకి వంగింది. దానికి సరిపడే అంకెలు నేనే లెక్కగట్టాను. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది. వంటకన్నా నాకు అదే బాగా కుదిరింది. ఆ అంకెలు హైదరాబాదు స్నేహితుడికి పంపితే, కొన్నాళ్లకు కంప్యూటరు జవాబు వచ్చింది. వేడికి కరెంటు హద్దు మీరుతోంది, దాన్ని అదుపుచేసే రెసిస్టర్ ఒకటి మార్చాలి. మా ఆయన మార్చారు.

పెద్దాయన యంత్రం పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలోనే చూస్తానని వాకిట్లో మంచం వేసుకున్నారు. మేం అరుగు మీద నిలబడి చూస్తున్నాం. చాలాసేపటికి ఇంటమ్మ బయటికొచ్చి, "బువ్వకు లేవుండ్రి!" అని ఎప్పటిలాగే కేకేసింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎందుకే గంత లొల్లి? జెర మెల్లగ మాట్లాడు. ఇనవడుతున్నది."

ఆవిడ ఆయన దగ్గరికి వచ్చింది. మంచం అంచున కూర్చుని చిన్న గొంతుతో ఏదో అంది. మాకు వినబడలేదు. ఆయన మాత్రం తలూపారు.