గొర్రెలు కదిలేలోపు ఒక్క ఆర్డరు

శుక్రవారం ఉదయం ఆరున్నరకు హిందూపురంలో పెనుకొండ బస్సెక్కాను. ఒళ్లో ఫైలు, అందులో మా రెండేళ్ల పని. ముదిగుబ్బ చుట్టుపక్కల బీపీ ఉన్న గొర్రెల కాపర్లకు నెలనెలా కాకుండా మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి చూశాం. మందలతో వలసపోయినా దాదాపు ఎవరూ మానలేదు. ఒక్క నెలకు సరిపడానే అందినవాళ్లు మాత్రం దారిలోనే ఆపేశారు. అధ్యయనం అయిపోయింది, మళ్లీ పాత పద్ధతే వచ్చింది. దాన్ని మార్చడానికి ఒక్క ఆర్డరు చాలు.

పెనుకొండలో ఇడ్లీ తిని పదింటికి ఆరోగ్యశాఖ ఆఫీసుకు చేరాను. అధికారి పదకొండున్నరకు వచ్చి, నివేదికను అట్టా ఇట్టా తిప్పి, "బాగా చేసినారు. కానీ ఇది నా చేతిలో లేదు, ధర్మవరం పోండి" అన్నారు. ఆ ముక్క ఫోన్‌లో చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు పెనుకొండలో దిగకండి.

ధర్మవరం రైల్లో తిమ్మక్క పలకరించింది. మా అధ్యయనంలో ఉన్న కాపరి ఓబులేసు భార్య. కూతురింటి నుంచి ఊరికి పోతోంది.

"ఆర్డరు వచ్చెనా సార్?"

"దానికోసమే పోతున్నానమ్మా."

"సోమవారం మంద కదుల్తాది. మీరు రాకముందు ఒగ సంవత్సరం మా ఇంటాయన మాత్రలయిపోయి దారిలోనే పడిపోయినాడు. మూతి వంకర పోయింది. ఇప్పుడు మళ్లా నెలనెలా ఆయప్పే ఆస్పత్రికొచ్చి వేలిముద్ర వేస్తేనే ఇస్తారంట, నా చేతికియ్యరు. నాకు భయంగా ఉండాది సార్."

ఆమె కూడా నాతో ఆఫీసు దాకా వచ్చి, బయట మెట్లమీద కూర్చుంది.

లోపల రెండు గంటలు. మాత్రలు అమ్ముకుంటే? పోగొట్టుకుంటే? ఆఖరికి ఒకాయన, "గొర్రెలు మింగితే?" అని కూడా అడిగాడు. ప్రతిదానికీ నివేదికలో జవాబుంది. ఎవరు చదివారు గనక! దున్నపోతు మీద వాన. చివరికి పెద్దాయన తేల్చారు: "కాపర్ల అభిప్రాయం లేకుండా ఎట్ల? వచ్చే నెలలో వాళ్లనే పిలిచి మీటింగు పెడదాం."

"అప్పటికి వాళ్లు ఊళ్లో ఉండరు సార్!"

"అట్లయితే తిరిగొచ్చినాక పెడదాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరు విడిచిపోయేవాళ్లకు మాత్రలివ్వాలా వద్దా అన్నది వాళ్లు తిరిగొచ్చాక తేలుస్తారట!

బయటికొచ్చి తిమ్మక్కకు సంగతి చెప్పాను. డాక్టరు చీటీ ఆమె సంచిలోనే ఉంది. బస్టాండు దగ్గర మందుల షాపులో మూడు నెలలకూ నేనే కొనిచ్చాను. ఆమె రెండు చేతులా తీసుకుంది. ముదిగుబ్బ బస్సెక్కబోతూ ఆగింది.

"మా ఇంటాయనతో ఇంగా నలుగురు పోతాండారు సార్. వాళ్లకు?"

కండక్టరు తొందరపెడితే ఎక్కేసింది. బస్సు కదిలింది.

ఐదు నలభైకి హిందూపురం రైల్లో కూర్చుని ఫైలు విప్పాను. ఓబులేసు మందతో పోయే ఆ నలుగురి పేర్లూ మా జాబితాలో ఉన్నాయి. రెండేళ్లుగా వాళ్ల చేతులకు పట్టీ చుట్టి బీపీ చూసింది నేనే. "ఒక్కరోజు కూడా మానొద్దప్పా" అని చెప్పిందీ నేనే.